పిట్టల తుపాకీ, ఒకే ఒక్క గుండు: షాట్‌గన్ స్లగ్ కథ

ఇవాళ ఒక చిన్న పజిల్‌తో మొదలుపెడదాం.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఉంది కదా, కొలంబస్ చుట్టుపక్కల మనవాళ్లు బోలెడుమంది ఉంటారు. అక్కడ 1980లో ఒక రైతు ఇంట్లో బీరువా తెరిచారనుకోండి. లోపల రెండు తుపాకులు ఉన్నాయి. ఒకటి రైఫిల్. రెండొందల గజాల దూరంలో కొబ్బరికాయ పెడితే దాన్ని కొట్టగలదు. రెండోది షాట్‌గన్. గుప్పెడు ఆవాలు విసిరినట్టు చిన్న చిన్న సీసపు గుళ్లు చల్లుతుంది. బాతుల కోసం, పిట్టల కోసం చేసింది. జింకల వేట సీజన్ వచ్చింది. ఆ రైతు ఏది తీసుకుని అడవికి వెళ్తాడు?

షాట్‌గన్. పిట్టల తుపాకీ. ఎందుకంటే అక్కడి చట్టం జింక మీదకి రైఫిల్ తీసుకెళ్లొద్దంది.

సరిగ్గా తగిలే తుపాకీని ఇంట్లో పెట్టేసి, చల్లే తుపాకీతో 60, 70 కిలోల జంతువుని కొట్టమంటే ఎలా? గుళ్లు చల్లితే జింక చావదు, గాయపడి పారిపోతుంది. అందుకని ఆ తుపాకీలో గుళ్ల బదులు ఒకే ఒక పెద్ద సీసం ముద్ద పెట్టి కాల్చాలి. దాని పేరే స్లగ్. డిక్షనరీలో చూస్తే స్లగ్ అంటే గుల్ల లేని నత్త అని కూడా వస్తుంది, ఇక్కడ మాట్లాడేది ఆ నత్త గురించి కాదు. ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఈ ముద్ద గురించే. అది తిన్నగా వెళ్లేలా చేయడానికి మనుషులు పడ్డ తిప్పలు ఒక మంచి ఇంజినీరింగ్ కథ. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా తెలిసిన బాధ ఇది: హార్డ్‌వేర్ మార్చడానికి పర్మిషన్ లేదు, లోపల పెట్టేది మాత్రం మార్చుకోవచ్చు.

ముందే ఒక మాట. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక. కాబట్టి ఇది అమెరికా కథగానే వినండి. మధ్యలో మాత్రం రెండుసార్లు ఇండియాకి వస్తాం, ఆ రెండూ నాకు భలే నచ్చాయి.

సరే, బేసిక్స్. మన సినిమాల్లో జమీందారు గోడ మీద డబుల్ బ్యారెల్ వేలాడుతూ ఉంటుంది చూడండి, అది షాట్‌గనే. ట్వెల్వ్ బోర్ అంటారు. ఈ 12 ఎక్కడి నుంచి వచ్చింది? ఒక పౌను సీసం, అంటే దాదాపు 454 గ్రాములు తీసుకుని, దాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే, ఒక్కో గుండు ఎంత లావు ఉంటుందో ఆ గొట్టం లోపలి వెడల్పు అంత. లెక్క వేస్తే 18.5 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్ల కంటే కొంచెం చిన్నది. 20 బోర్ అంటే అదే పౌనుని 20 ముక్కలు చేశారు, కాబట్టి గొట్టం సన్నం అవుతుంది. నంబర్ పెరిగితే సైజు తగ్గుతుందన్నమాట, కరెంటు వైరు గేజ్ లాగే.

అసలు తేడా గొట్టం లోపల ఉంది. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. తూటా ఆ గాడుల్ని పట్టుకుని బయటికి వచ్చేసరికి బొంగరంలా తిరుగుతూ ఉంటుంది. తిరిగే బొంగరం నిలబడుతుంది, ఆగిన బొంగరం పడిపోతుంది, మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిందే. షాట్‌గన్ లోపల గాడులు లేవు. అద్దంలా నున్నగా ఉంటుంది. ఉంటే ఏమవుతుంది? గుళ్లు కూడా తిరుగుతూ బయటికి వచ్చి, తడి గొడుగు తిప్పితే నీళ్లు చిమ్మినట్టు పక్కలకి చిమ్ముతాయి. మధ్యలో ఖాళీ, చుట్టూ రింగు. పిట్ట ఆ ఖాళీలోంచి హాయిగా ఎగిరిపోతుంది. అందుకే పిట్టల తుపాకీ నున్నగా ఉండి తీరాలి. జింకకి గాడులు కావాలి, పిట్టకి నున్నగా ఉండాలి. గొడవ అంతా ఇక్కడే.

మరి నున్నటి గొట్టంలోంచి ఒక గుండు కాలిస్తే తిన్నగా ఎందుకు వెళ్లదు? దీనికి మొదట సరైన జవాబు చెప్పినాయన పేరు బెంజమిన్ రాబిన్స్. ఇంగ్లాండ్‌లో లెక్కల మాస్టారు. 1707లో, యుద్ధాన్నే వ్యతిరేకించే క్వేకర్ కుటుంబంలో పుట్టి, ఫిరంగుల శాస్త్రం మీద 1742లో పుస్తకం రాశాడు. అప్పటివరకూ అందరూ గుండు పారాబొలాలో వెళ్తుందని, గాలి ప్రభావం పెద్దగా ఉండదని అనుకునేవారు. ఈయన వరసగా పల్చటి కాగితం తెరలు కట్టి, వాటిలోంచి గుండు పేల్చి, ఒక్కో తెరలో కన్నం ఎక్కడ పడిందో కొలిచాడు. గుండు పక్కకి వంకర తిరుగుతోంది! పైగా ఒక్కోసారి ఒక్కో వైపుకి.

కారణం ఏంటంటే, నున్నటి గొట్టంలో గుండు కాస్త వదులుగా ఉంటుంది. పేలగానే గోడలకి తగులుతూ, దొర్లుతూ వస్తుంది. చివరగా ఏ గోడకి రాసుకుందో దాన్ని బట్టి ఏదో ఒక దిక్కుకి గిరగిరా తిరుగుతూ బయటపడుతుంది. తిరిగే గుండుని గాలి పక్కకి తోస్తుంది. క్రికెట్‌లో మంచి స్పిన్నర్ వేసిన బంతి పిచ్ మీద పడకముందే గాల్లో డ్రిఫ్ట్ అవుతుంది కదా, అదే విషయం. తేడా ఏంటంటే స్పిన్నర్‌కి తను ఎటు తిప్పాడో తెలుసు, తుపాకీకి తెలీదు.

దీన్ని రుజువు చేయడానికి రాబిన్స్ చేసిన ప్రయోగం చాలా అందంగా ఉంటుంది. తుపాకీ గొట్టం చివరని కొంచెం ఎడమవైపుకి వంచాడు. మామూలుగా ఆలోచిస్తే గుండు ఎడమకే పోవాలి. కానీ వంపు దగ్గర గుండు కుడి గోడని రాసుకుంటూ దొర్లుతుంది, ఆ స్పిన్ వల్ల గాలి దాన్ని కుడికి తోయాలి అన్నది ఈయన అంచనా. కాల్చారు. మొదట ఎడమకి బయల్దేరిన గుండు, దూరం వెళ్లే కొద్దీ నిజంగానే కుడికి తిరిగింది. ఆ రోజుల్లో ఇంతకంటే శుభ్రమైన డీబగ్గింగ్ నేను ఇంకోటి చూడలేదు. పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించిన మహానుభావుడు లెనార్డ్ ఆయిలర్ కూడా ఈ ఒక్క పాయింట్ ఒప్పుకోలేదు, గుండు సరిగ్గా గుండ్రంగా లేకపోవడం వల్లే అలా జరిగి ఉంటుందన్నాడు. చివరికి ఈ ప్రభావానికి 1852లో దాన్ని పరిశోధించిన మాగ్నస్ పేరు పడింది. మన ఫిజిక్స్ పుస్తకాల్లో మాగ్నస్ ఎఫెక్ట్ అని చదువుకున్నాం, రాబిన్స్ పేరు ఎవరూ చెప్పలేదు.

ఇండియాకి మొదటిసారి వచ్చేది ఇక్కడే. ఈస్టిండియా కంపెనీ తన కోటలు రిపేరు చేయించడానికి ఈ రాబిన్స్‌ని ఇంజినీర్‌గా నియమించి మద్రాసు తీరానికి పంపింది. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసుని పట్టుకోవడంతో కంపెనీకి కోటల భయం పట్టుకుందిలెండి. ఆయన వచ్చాడు, ఏడాదికల్లా జ్వరం పట్టుకుంది, 1751 జూలైలో కడలూరు దగ్గరున్న ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో చనిపోయాడు. గుండు ఎందుకు వంకర పోతుందో ప్రపంచానికి చెప్పిన మనిషి మన చెన్నైకి దక్షిణంగా నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో కన్నుమూశాడు.

మళ్లీ షాట్‌గన్‌కి వద్దాం. 1860, 70 దశకాల్లో పిట్టల వేటగాళ్లకి ఒక వరం దొరికింది. దాని పేరు చోక్. గొట్టం చివర కొంచెం ఇరుకు చేస్తారు, అంతే. మొక్కలకి నీళ్లు పోసే పైపు చివర వేలితో నొక్కితే నీళ్లు దూరం వెళ్తాయి కదా, కొంచెం అలా అనుకోండి, గుళ్లు చెదరకుండా దగ్గరగా వెళ్తాయి. పిట్టలకి అద్భుతం. కానీ జింకల వేటగాడికి కొత్త చిక్కు. గొట్టానికి సరిపోయే గుండు పెడితే ఆ ఇరుకులో బిగుసుకుని తుపాకీకే ప్రమాదం. ఇరుకులోంచి దూరాలంటే గుండు ఇంకా చిన్నది కావాలి. చిన్నదైతే గొట్టంలో ఇంకా వదులు. ఇంకా వదులైతే, రాబిన్స్ చెప్పాడుగా, ఇంకా ఎక్కువ దొర్లుడు, ఇంకా ఎక్కువ వంకర. అమెరికాలో ఈ గుండుని వెటకారంగా పంప్కిన్ బాల్ అనేవారు, గుమ్మడికాయ గుండు. 40 గజాలు దాటితే అది ఎటు పోతుందో దేవుడికే ఎరుక.

రెండోసారి ఇండియాకి వచ్చేది ఈ చిక్కుని ఇంకో దారిలో విడదీసిన మనిషి వల్ల. జార్జ్ ఫాస్‌బెరీ అని బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఆఫీసర్. 1863లో వాయవ్య సరిహద్దు యుద్ధంలో విక్టోరియా క్రాస్ తెచ్చుకున్నాడు. ఇండియా అడవుల్లో తిరిగేవాడికి ఒకే రోజు నెమలీ ఎదురుపడొచ్చు, చిరుతపులీ ఎదురుపడొచ్చు, రెండు తుపాకులు ఎవరు మోస్తారు? సరే, మోయడానికి వాళ్లకి కూలీలు ఉండేవారనుకోండి, కానీ చిరుత వచ్చినప్పుడు చేతిలో ఏది ఉందన్నదే ముఖ్యం. 1885లో ఫాస్‌బెరీ ఒక పేటెంట్ తీసుకున్నాడు. గొట్టం అంతా నున్నగానే ఉంచి, చివరి రెండు మూడు అంగుళాల్లో మాత్రం, అంటే చోక్ ఉండే చోట, గాడులు చెక్కాడు. గుళ్లు వేస్తే షాట్‌గన్ లాగే చల్లుతుంది, పెద్ద తూటా వేస్తే చివరి క్షణంలో స్పిన్ ఇచ్చి పంపుతుంది. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ దీన్ని పారడాక్స్ అనే పేరుతో అమ్మింది. పరస్పర విరుద్ధం అని అర్థం, పేరు సరిగ్గా కుదిరింది. ఇండియాలో, ఆఫ్రికాలో దొరలు తెగ కొన్నారు. కానీ అది దొరల బొమ్మ. ఒహాయో రైతు కొనే ధర కాదు.

పేదవాడి జవాబు గొట్టం మార్చకుండా గుండు మార్చడం. 1898లో జర్మనీలో విల్హెల్మ్ బ్రెన్నెకే అదే చేశాడు. ఆయన లాజిక్ ఇదీ: తిప్పి నిలబెట్టలేకపోతే, బాణంలా నిలబెడదాం. బాణం తిరగకపోయినా తిన్నగా వెళ్తుంది. ఎందుకు? ముందు ములుకు బరువు, వెనక ఈకలు తేలిక. గాలి వెనక భాగాన్ని ఎక్కువ లాగుతుంది, కాబట్టి ముక్కు ఎప్పుడూ ముందుకే ఉంటుంది. బ్రెన్నెకే ముందు భాగంలో ఘనమైన సీసం పెట్టి, దాని వెనక నొక్కిన ఊలుతో చేసిన తేలికపాటి దిమ్మని స్క్రూతో బిగించాడు. ఆ దిమ్మ ఊడిపోకుండా గుండుతో పాటే ఎగురుతుంది, బాణానికి ఈకల్లాగా. సీసం చుట్టూ గట్లు గట్లుగా పెట్టాడు. చోక్ ఇరుకు దగ్గరికి వచ్చినప్పుడు ఆ గట్లు నలిగి దారి ఇస్తాయి, కాబట్టి గుండుని మరీ చిన్నగా చేయక్కర్లేదు. ఒకే దెబ్బకి రెండు సమస్యలు పరిష్కారం. ఇవాళ్టికీ ఆ పేరుతో స్లగ్‌లు దొరుకుతున్నాయంటే చూడండి.

ఇప్పుడు అమెరికా, అక్కడి జింకలు. ఈ భాగం తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు.

యూరప్ వాళ్లు వచ్చే నాటికి అమెరికా తూర్పు అడవుల నిండా తెల్లతోక జింకలు. 1800ల్లో అడవులు కొట్టి పొలాలు చేశారు, మాంసం కోసం, తోళ్ల కోసం మార్కెట్ వేటగాళ్లు లెక్కా పత్రం లేకుండా కొట్టేశారు. 1900 వచ్చేసరికి దేశం మొత్తం మీద మిగిలినవి 5 లక్షలో అంతకంటే తక్కువో అని అంచనా. ఒహాయోలో అయితే 1904 నాటికి దాదాపు ఒక్కటీ లేదు. అక్కడి నుంచి వెనక్కి రావడం మొదలైంది. 1900లో లేసీ చట్టం వచ్చి, దొంగతనంగా కొట్టిన జంతువుల్ని రాష్ట్రం దాటించి అమ్మడాన్ని నేరం చేసింది. 1937లో పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. తుపాకుల మీద, తూటాల మీద వచ్చే కేంద్ర పన్నుని జంతు సంరక్షణకే ఖర్చు పెట్టాలని దాని నియమం, ఇప్పుడు రైఫిళ్ల మీద, షాట్‌గన్‌ల మీద అది 11 శాతం. వేటగాళ్ల జేబులోంచే జింకలకి డబ్బు. వినడానికి వింతగా ఉంటుంది గానీ పనిచేసింది. ఒహాయోలో 1943లో మూడు కౌంటీల్లో మళ్లీ సీజన్ తెరిచారు. అయోవాలో 1953లో, ఇల్లినాయ్‌లో 1957లో.

జింకలు తిరిగొచ్చాయి, కానీ అవి వెళ్లేటప్పటి దేశం కాదు ఇది. ఈ మిడ్‌వెస్ట్ రాష్ట్రాలు చాలాచోట్ల అరచెయ్యిలా చదునుగా ఉంటాయి. కొండ అడ్డం ఉండదు. పొలం, ఇల్లు, రోడ్డు, స్కూలు, మళ్లీ పొలం. రైఫిల్ తూటా గురి తప్పితే కొన్ని కిలోమీటర్లు వెళ్లగలదు. ఎవరి వంటింటి కిటికీలోకి వెళ్తుందో తెలీదు. అందుకని ఈ రాష్ట్రాలు, ఇంకా తూర్పున న్యూజెర్సీ, మసాచుసెట్స్ లాంటివి, జింకలకి షాట్‌గన్ మాత్రమే అని రూల్ పెట్టాయి. స్లగ్ బరువు ఎక్కువ, వేగం తక్కువ, తొందరగా కింద పడుతుంది అన్నది లాజిక్. పైగా పిట్టల కోసం, బాతుల కోసం ప్రతి రైతు ఇంట్లో షాట్‌గన్ ఎలాగూ ఉంది.

అంటే తక్కువ దూరం వెళ్లడం అన్న లోపాన్నే చట్టం ఒక ఫీచర్‌గా వాడుకుంది. కానీ దూరం వెళ్లకపోవడంతో పాటు గురి కుదరకపోవడం కూడా ఉచితంగా వచ్చింది. ఆ ఖర్చు ఎవరు భరించారు? జింక.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే గురి అనగానే చాలామందికి స్కోరు, టార్గెట్, వీడియో గేమ్ గుర్తొస్తాయి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు 8 అంగుళాల వెడల్పు. టిఫిన్ ప్లేటు అంత. దెబ్బ అక్కడ పడితే జింక కొద్ది సెకన్లలో పడిపోతుంది. ఒక జానెడు వెనక్కి తగిలితే కడుపు. అలాంటి జింక పరిగెత్తి పొదల్లోకి పోతుంది, గంటలకి గంటలు బతికుండి, ఎవరికీ దొరకని చోట చస్తుంది. మర్యాద తెలిసిన వేటగాళ్లు టార్చిలైట్ పట్టుకుని అర్ధరాత్రి దాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ పోతారు. దొరక్కపోతే ఆ ఏడాదంతా ఆ బాధ పోదు. ఇవాళ్టి కథ అంతా ఆ జానెడు దూరం గురించే.

1931. మహామాంద్యం రోజులు. జనానికి కొత్త తుపాకీ కొనే డబ్బుల్లేవు, ఉన్న షాట్‌గన్‌కి గట్టి చోక్. అప్పుడు కార్ల్ ఫాస్టర్ అనే అమెరికన్ ఒక స్లగ్ తయారు చేశాడు. ఇది బ్రెన్నెకే కంటే కూడా సింపుల్. స్క్రూ లేదు, ఊలు దిమ్మ లేదు. ఒకే సీసం ముక్క, ముందు గట్టిగా, వెనక గిన్నెలా బోలు. బరువంతా ముక్కు దగ్గరే. మనకి గోపీచంద్, సైనా, సింధు పుణ్యమా అని బ్యాడ్మింటన్ బాగా తెలుసు కాబట్టి చెప్తున్నా, షటిల్ ఉంది చూడండి, ఎలా కొట్టినా గాల్లో తిరిగి కార్క్ ముందుకి వచ్చేస్తుంది, ఈకలు వెనక్కి పోతాయి. ఫాస్టర్ స్లగ్ అంటే సీసంతో చేసిన షటిల్. పేలినప్పుడు వాయువు ఒత్తిడికి వెనక గిన్నె అంచు విచ్చుకుని గొట్టానికి అతుక్కుంటుంది, వదులు తగ్గుతుంది. పోతపోయడం చవక. మామూలు రైతు కొనగలడు. పేటెంట్ 1947లో వచ్చింది, అప్పటికే అది జనంలోకి వెళ్లిపోయింది.

దీని ఒంటి మీద ఏటవాలు గాట్లు ఉంటాయి, అందుకని డబ్బా మీద రైఫిల్డ్ స్లగ్ అని రాసి అమ్మేవారు. ఆ గాట్ల వల్ల స్లగ్ గాల్లో బొంగరంలా తిరిగి తిన్నగా పోతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ తిరుగుడు నామమాత్రం. గాట్ల అసలు పని చోక్‌లోంచి దూరేటప్పుడు నలగడానికి చోటు ఇవ్వడం. మార్కెటింగ్ పేరు ఫిజిక్స్‌ని మింగేసింది, మన ఫీల్డ్‌లో ఇలాంటివి రోజూ చూస్తాం.

మరి షటిల్ వచ్చాక కూడా నున్నటి గొట్టం గురి ఎందుకు అంతంత మాత్రం? ఎందుకంటే సమస్య ఒక్క స్లగ్‌లోనే లేదు. సీసం మెత్తన, పేలినప్పుడు గిన్నె అంచు ఒకవైపు ఎక్కువ నలిగితే విరిగిన ఈక ఉన్న షటిల్ లాగా ఊగుతూ పోతుంది. బయల్దేరేటప్పుడు సెకనుకి దాదాపు 1,600 అడుగుల వేగం ఉంటుంది, 100 గజాలకి చేరేసరికి ధ్వని వేగం కంటే కిందకి పడిపోతుంది. ఆ దాటే చోట గాలి కుదుపు ఒకటి. 50 గజాలకి సెట్ చేసిన తుపాకీ 100 గజాల దగ్గర దాదాపు 5, 6 అంగుళాలు కిందకి కొడుతుంది.

అన్నిటికంటే పెద్ద లోటు చూపు. షాట్‌గన్ మీద గురి చూసుకోవడానికి చివర ఒక చిన్న పూస మాత్రమే ఉంటుంది, వెనక ఇంకేమీ ఉండదు. ఎగిరే పిట్ట మీదకి తుపాకీ ఊపుతూ కాలుస్తారు, ఆ పనికి పూస చాలు. కూర్చుని నిదానంగా జింకకి గురి పెట్టేటప్పుడు మీ తల అర అంగుళం పైకి లేస్తే, పూస అక్కడే కనిపిస్తుంది, కానీ గుండు జింక మీదుగా పోతుంది. వెనక ఒక గుర్తు, ముందు ఒక గుర్తు, రెండూ కలిస్తేనే కన్ను ఎక్కడుందో తుపాకీకి తెలుస్తుంది. స్లగ్ బాగాలేదు అని తిట్టుకున్న ఎంతోమంది కేసుల్లో అసలు దోషి ఆ పూసే అని నా అభిప్రాయం.

1959లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా కంపెనీ ఈ సంగతి పట్టుకుంది. డీర్‌స్లేయర్ అని ఒక మోడల్ వదిలింది. గొట్టం నున్నగానే ఉంది, చట్టానికి అభ్యంతరం లేదు. కానీ చివర చోక్ లేకుండా, మొదటి నుంచి చివరి దాకా స్లగ్‌కి బిగుతుగా సరిపోయే ఒకే సైజు. పైన రైఫిల్ లాగా ముందూ వెనకా గురి గుర్తులు. అంతే మార్చారు. పిట్టల కోసం కాకుండా స్లగ్ కోసమనే చేసిన షాట్‌గన్ అది. తర్వాత మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి.

ఆ తరం వేటగాళ్లు నున్నటి గొట్టంతో మంచి గురి ఎలా తెచ్చుకున్నారో చూస్తే అందులో మంత్రం ఏమీ లేదు. గట్టి చోక్ తీసేసి, అసలు చోక్ లేనిదో కాస్త మాత్రమే ఉన్నదో బిగించారు. నాలుగైదు కంపెనీల స్లగ్‌లు కొని, బల్ల మీద ఇసుక సంచి పెట్టి, దాని మీద తుపాకీ ఆనించి, ఒక్కో రకం మూడు మూడు కాల్చి చూశారు. ఇక్కడ ఆశ్చర్యం ఏంటంటే, ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కనే తయారైన రెండు తుపాకులకి కూడా ఒకే స్లగ్ నచ్చదు. గొట్టం లోపలి వెడల్పులో వెంట్రుకవాసి తేడాలు ఉంటాయి మరి. పక్కింటాయన తుపాకీలో అద్భుతంగా వెళ్లింది మీ దాంట్లో చెల్లాచెదురు కావచ్చు. గొట్టంలో అంటుకున్న సీసం మరకల్ని గీకి శుభ్రం చేశారు. స్లగ్ తన్ను గట్టిగా ఉంటుంది, పది కాల్చేసరికి భుజం వాచి, పదకొండోసారి పేలకముందే మనిషి కళ్లు మూసుకుంటాడు, ఆ తర్వాతి లెక్కలు దండగ. అందుకని కొన్నే కాల్చి ఆపేసేవారు.

ఇన్ని చేశాక, మంచి గురి గుర్తులున్న నున్నటి గొట్టం 50 గజాల దగ్గర మూడు స్లగ్‌లని నాలుగు అంగుళాల్లో పెడితే బాగున్నట్టే. ఇప్పుడు లెక్క మీరే వేయండి. దూరం రెట్టింపైతే చెదురూ కనీసం రెట్టింపు. 100 గజాలకి 8 అంగుళాలు, అంటే మన టిఫిన్ ప్లేటు పూర్తిగా అయిపోయింది, చేతి వణుకుకి, చలికి, జింక వేసే ఒక్క అడుగుకి చోటే మిగల్లేదు. అందుకే ఆ పాత వేటగాళ్లు 75 గజాల దగ్గర గీత గీసుకున్నారు, ఒక్క పూసే ఉన్నవాళ్లు 50 దాటేవారు కాదు. కాగితం ప్లేటు గోడకి కొట్టి, ఏ దూరం దాకా ప్రతి స్లగ్గూ ప్లేటులోనే పడుతుందో చూసుకుని, ఆ దూరం అవతల జింక ఎంత పెద్ద కొమ్ములతో నిలబడ్డా తుపాకీ ఎత్తకపోవడం. గొట్టం, చోక్, స్లగ్ అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే అంటాను నేను.

1980ల్లో కథ మలుపు తిరిగింది. గొట్టం పొడుగునా గాడులున్న షాట్‌గన్‌లు మార్కెట్లోకి వచ్చాయి. వాటి కోసం సేబో స్లగ్‌లు వచ్చాయి. సన్నటి తూటాకి ప్లాస్టిక్ చొక్కా తొడుగుతారు, చొక్కా గాడుల్ని పట్టుకుని స్పిన్ ఇస్తుంది, బయటికి రాగానే ఊడి పడిపోతుంది. 150 గజాలు సులువుగా. వీటిని నున్నటి గొట్టంలో వేస్తే మాత్రం డబ్బులు దండగ. తిప్పేవాడు లేడు, తూటా పల్టీలు కొడుతుంది. నున్నటి గొట్టానికి చవకైన ఫాస్టర్, బ్రెన్నెకే రకాలే సరైనవి.

ఇప్పుడు చూడండి తమాషా. అమెరికా ఫెడరల్ చట్టంలో షాట్‌గన్ నిర్వచనంలోనే నున్నటి గొట్టం అనే మాట ఉంది. కానీ షాట్‌గన్ మాత్రమే అన్న రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గాడుల గొట్టానికి ఓకే చెప్పేశాయి. గాడులున్నాయి, స్పిన్ ఉంది, పైన టెలిస్కోప్ ఉంది, 150 గజాలు కొడుతుంది. పేరు తప్ప దానికీ రైఫిల్‌కీ తేడా ఏముంది? తక్కువ దూరం వెళ్తుంది కాబట్టి సేఫ్ అన్న వాదనే ప్రశ్నార్థకం అయింది. 2007లో పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ కోసం ఒక అధ్యయనం చేశారు. తుపాకీ పైకెత్తి కాలిస్తే రైఫిల్ తూటాయే ఎక్కువ దూరం వెళ్తుంది, అది అందరూ అనుకున్నదే. కానీ నేలకి సమాంతరంగా కాల్చినప్పుడు, నేలకి తగిలి ఎగిరే దూరం కూడా కలిపితే, షాట్‌గన్ తూటా రైఫిల్ తూటా కంటే కాస్త ఎక్కువే వెళ్లినట్టు లెక్క తేలింది. బరువైన, నెమ్మదైన ముద్ద నేలకి తగిలి చెరువులో పెంకు వేసినట్టు ఎగురుతూ పోతుంది. దశాబ్దాల రూల్ వెనకున్న నమ్మకం అంత గట్టిది కాదన్నమాట.

2014లో ఒహాయో జింకల సీజన్‌లో కొన్ని రకాల రైఫిళ్లకి అనుమతి ఇచ్చింది. బాటిల్ మెడలా సన్నబడే మామూలు రైఫిల్ తూటాలు కాదు, మొదటి నుంచి చివరి దాకా తిన్నటి డబ్బాలా ఉండేవి. వాటి తన్ను తక్కువ, గురి ఎక్కువ, రేంజ్ మాత్రం మామూలు రైఫిల్ కంటే తక్కువ. మిడ్‌వెస్ట్‌లో మరికొన్ని రాష్ట్రాలు కూడా ఇదే దారి పట్టాయి. ఆ 1980 రైతు మనవడు ఇప్పుడు జింక సీజన్‌కి రైఫిలే పట్టుకెళ్లొచ్చు.

అయినా బీరువాలో తాతగారి నున్నటి షాట్‌గన్ ఉన్నవాళ్లు, కొత్తది కొనలేనివాళ్లు ఇప్పటికీ నవంబర్ రాగానే ఐదు స్లగ్‌ల డబ్బా ఒకటి, కాగితం ప్లేట్ల కట్ట ఒకటి కొంటారు. ఒహాయోలో ఉన్న మన వ్యూయర్స్, మీ ఆఫీసులో జింక సీజన్‌కి లీవు పెట్టే కొలీగ్ ఎవరైనా ఉంటే, ఆయన గొట్టం నున్నటిదా గాడులదా, ఎన్ని గజాల దగ్గర గీత గీసుకున్నాడో అడిగి కింద కామెంట్లో రాయండి. నేను చదువుతాను.